ఒబామా చేజార్చుకున్న గడువు

ఈ మధ్య కారులో వెళ్తూ ఒక తెలుగు చర్చా కార్యక్రమం విన్నాను. అమెరికా అప్పు, దాని మీద వడ్డీ, రేటింగులు పడిపోవడం గురించి చాలాసేపు మాట్లాడుకున్నాక ఒకాయన తేల్చేశారు: అధ్యక్షుడికి దమ్ముండాలే గానీ డబ్బున్నవాళ్ల మీద పన్ను వేయడం ఎంత పని? ఉదాహరణకి 2011 వేసవిని తీసుకున్నారు. ఒబామా అంత మాటకారి, జనంలోకి వెళ్లి ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉంటే రిపబ్లికన్లు దిగివచ్చేవారట. మిగతావాళ్లందరూ అవునన్నారు.

ఆ వేసవిలో నేను న్యూజెర్సీలోనే ఉన్నాను. ఆఫీసు నుంచి రాగానే ఆ వార్తలే చూసేవాణ్ని. ఆయన గట్టిగానే చెప్పారు. జనం విన్నారు కూడా. ఓట్లు మాత్రం కదల్లేదు. అందుకే ఈ దమ్ము వాదన నాకు మింగుడుపడదు. పైగా దానివల్ల నష్టం ఉంది. బాగా మాట్లాడేవాడు ఒకడు వస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయని ఎదురు చూస్తూ కూర్చునే అలవాటు దీనివల్లే వస్తుంది.

నా అభిప్రాయం ఇది. పన్నుల విషయంలో అధ్యక్షుడి బలం ఎంతో తెలియాలంటే ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఎవరూ ఏమీ చేయకుండా చేతులు కట్టుకుని కూర్చుంటే ఏమవుతుంది? ఊరికే కూర్చుంటే ధనవంతుల పన్ను దానంతటదే పెరిగే రోజు ఒకటుంటే, అధ్యక్షుడు ఆ రోజు దాకా ఓపిక పడితే చాలు. ఊరికే కూర్చుంటే దేశం అప్పు ఎగ్గొట్టాల్సి వచ్చే రోజు ముందుంటే, ఎంతటి వక్తకైనా చేతులు కట్టేసినట్టే. ఒబామాకి మొదటి రకం గడువు 2010 డిసెంబర్ 31న ఉంది. దాన్ని ఆయన వదులుకున్నారు. ఏడు నెలలు తిరక్కుండానే రెండో రకం గడువులో ఇరుక్కున్నారు. 2011 కథంతా నిజానికి 2010 డిసెంబర్‌లోనే జరిగిపోయింది.

ఆ డిసెంబర్ బేరం

బుష్ కాలంలో 2001, 2003లలో వచ్చిన పన్ను తగ్గింపులు శాశ్వతమైనవి కావు. సెనేట్‌లో 60 ఓట్లు కూడగట్టాల్సిన అవసరం లేకుండా బడ్జెట్ దారిలో పాస్ చేసుకోవడం కోసం, 2010 చివర రద్దయిపోయేలా రాసుకున్నారు. అంటే అధ్యక్షుడు వేలు కూడా కదపక్కర్లేదు. జనవరి 1 రాగానే పై శ్లాబు 35 శాతం నుంచి 39.6 శాతానికి వెళ్లిపోతుంది. దాంతోపాటు మామూలు జనం పన్నులు కూడా పెరుగుతాయి, చిక్కల్లా అక్కడే. జంటకి రెండున్నర లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీదే తగ్గింపు తీసేస్తానని, కింది వాళ్లకి అలాగే ఉంచుతానని ఒబామా 2008 ఎన్నికల్లో మాట ఇచ్చారు.

2010 నవంబర్‌లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్లు 63 సీట్లు అదనంగా గెలిచారు. నెల దాటి నాలుగు రోజులకే బేరం కుదిరింది. అందరి తగ్గింపులూ, ధనవంతులవి కూడా, రెండేళ్లు పొడిగించారు. బదులుగా నిరుద్యోగ భృతి 13 నెలలు కొనసాగింది, ఉద్యోగుల పేరోల్ ట్యాక్స్ (సోషల్ సెక్యూరిటీ పింఛన్ల కోసం జీతంలోంచి పట్టే పన్ను) ఏడాది పాటు 6.2 నుంచి 4.2 శాతానికి తగ్గింది. డిసెంబర్ 17న సంతకం అయింది. అంతకు వారం ముందు సెనేటర్ బెర్నీ శాండర్స్ ఆ బేరాన్ని వ్యతిరేకిస్తూ సెనేట్‌లో ఎనిమిది గంటలకు పైగా నిలబడి మాట్లాడారు. ఆ ఉపన్యాసం గొప్పగా ఉంది, చాలామంది ఇప్పటికీ తలుచుకుంటారు. దానివల్ల బిల్లులో ఒక్క అక్షరం మారలేదు.

ఆ బేరాన్ని పిరికితనం అని కొట్టిపారేయలేను. అప్పుడు నిరుద్యోగం 9.8 శాతం. మా చుట్టుపక్కల కన్సల్టింగ్ కుర్రాళ్లు ఎంతోమంది ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నారు. ఉద్యోగం పోయిన ఒక అమెరికన్ పొరుగాయన క్రిస్మస్ ముందు మా వాకిట్లో నిలబడి, నెలాఖరుకి భృతి ఆగిపోతే ఇంటి వాయిదా ఎలా కట్టాలని అడిగాడు. అలాంటి వాళ్లు దేశమంతటా లక్షల్లో ఉన్నారు. వాళ్లని పణంగా పెట్టి ఆడటం తనకి చేతకాదని ఒబామా అన్నారు, ఆ మాట నేను నమ్ముతాను. అందరి పన్నులూ ఒక్కసారి పెంచితే మాంద్యం ఇంకా ముదిరేదన్న భయం కూడా అప్పుడు ఆర్థికవేత్తల్లో ఉంది.

నా ఫిర్యాదు వేరే చోట ఉంది. ఆ చర్చల రోజుల్లోనే, డిసెంబర్ 7న జరిగిన ప్రెస్ మీట్‌లో ఒక విలేకరి సూటిగా అడిగాడు. కొద్ది నెలల్లో అప్పు పరిమితి (ప్రభుత్వం ఎంతవరకు అప్పు చేయొచ్చో చట్టం పెట్టిన హద్దు) పెంచాల్సి వస్తుంది కదా, దాన్ని కూడా ఈ బేరంలో ఎందుకు కలపలేదు? ఒబామా జవాబు సారాంశం ఏమిటంటే, అమెరికా పరపతి కూలిపోవాలని ఎవరూ కోరుకోరు, రిపబ్లికన్ల నాయకుడు జాన్ బేనర్ ప్రతినిధుల సభ స్పీకర్ అయ్యాక ఆయనకీ బాధ్యత తెలుస్తుంది అని. ఎదుటివాడు బాధ్యతగా ఉంటాడన్న నమ్మకం మీద తన చేతిలో ఉన్న ఒకే ఒక గడువుని అమ్మేశారు. ఆ ఒక్క షరతు పెట్టి ఉంటే తర్వాత జరిగిందేదీ జరిగేది కాదు. భృతి అందేది, పన్ను పోరు 2012కి వాయిదా పడేది, 2011 వేసవి ప్రశాంతంగా గడిచిపోయేది. డెమొక్రాట్లలోనే కొందరు, అప్పు పరిమితి పెంచే భారం రిపబ్లికన్లు కూడా మోయనివ్వండి, మనమొక్కళ్లమే ఎందుకు మోయాలి అనుకున్నారు. ఎంత ఖరీదైన లెక్కో వాళ్లకి జూలైలో తెలిసింది.

జూలైలో ఏం జరిగింది

అప్పు పరిమితి 14.29 లక్షల కోట్ల డాలర్లు. 2011 మే 16న దాన్ని తాకేశారు. ట్రెజరీ రకరకాల సర్దుబాట్లు చేసి ఆగస్టు 2 దాకా నెట్టుకురాగలనంది. జూన్‌లో ఒబామా, బేనర్ కలిసి గోల్ఫ్ ఆడారు. పదేళ్లలో 80 వేల కోట్ల డాలర్ల అదనపు పన్ను ఆదాయం వచ్చేలా ఒక పెద్ద ఒప్పందానికి దగ్గరగా వచ్చారు. ఈలోగా సెనేట్‌లో ఇరు పార్టీల వాళ్లు ఆరుగురు అంతకంటే ఎక్కువ పన్నులున్న ప్రణాళిక బయటపెట్టారు. దాంతో ఒబామా ఇంకో 40 వేల కోట్లు అడిగారు. జూలై 22న బేనర్ చర్చల నుంచి తప్పుకున్నారు.

ఆ 40 వేల కోట్లు అడగకపోతే ఒప్పందం అయ్యేదా? నాకు అనుమానమే. తన పార్టీలో ఆ 80 వేల కోట్లకైనా ఓట్లు తేగలిగే స్థితిలో బేనర్ లేరని తర్వాతి సంఘటనలన్నీ చూపించాయి. పన్నులు పెంచబోమని సంతకం చేసిన వాళ్లే ఆ సభలో రిపబ్లికన్లలో దాదాపు అందరూ. ఆగస్టు 11న అయోవాలో జరిగిన రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థుల చర్చలో, పది డాలర్ల ఖర్చు కోతకి ఒక్క డాలర్ పన్ను పెంపు ఉన్నా ఒప్పుకోనివాళ్లు చేతులెత్తమంటే వేదిక మీదున్న ఎనిమిది మందీ ఎత్తారు.

జూలై 25 రాత్రి ఒబామా దేశాన్ని ఉద్దేశించి మాట్లాడారు. కార్పొరేట్ జెట్ల యజమానులు, పెద్ద చమురు కంపెనీలు కూడా కొంత భరించాలన్నారు, మీ సభ్యులకి ఫోన్ చేయమని జనాన్ని అడిగారు. జనం చేశారు. కాపిటల్ (కాంగ్రెస్ భవనం) ఫోన్లు కిక్కిరిసిపోయాయి, సభ్యుల వెబ్‌సైట్లు కొన్ని ఆగిపోయాయి. సర్వేల్లో కూడా కోతలూ పన్నులూ కలిపి ఉండాలనే వాళ్లే ఎక్కువ. అధ్యక్షుడు గొంతెత్తితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే పెద్ద పరీక్ష ఉండదు. ఎనిమిది రోజుల తర్వాత ఆయన సంతకం పెట్టిన చట్టంలో ఖర్చుల కోతలు 91,700 కోట్ల డాలర్లు, ఇంకా కనీసం లక్షా ఇరవై వేల కోట్ల లోటు తగ్గింపుకి కమిటీ. పన్ను ఒక్క డాలర్ కూడా లేదు.

ఎందుకంటే తన జిల్లాలో ప్రైమరీలో, అంటే సొంత పార్టీ లోపలి ఎన్నికలో, ఓడిపోతానని భయపడే సభ్యుడికి దేశంలో సర్వే ఏమందో అనవసరం. ఆగస్టు 2 దాటితే ఎక్కువ నష్టం ఎవరికో అతనికి తెలుసు. పింఛన్ చెక్కులు ఆగిపోతే, మార్కెట్లు కూలిపోతే జనం ముందుగా చూసేది వైట్ హౌస్ వైపే. ఒబామాకీ అది తెలుసు. పరిస్థితిని పేల్చేయడానికి సిద్ధపడ్డవాడికీ, దాన్ని కాపాడాల్సిన బాధ్యత ఉన్నవాడికీ మధ్య బేరం సమానంగా నడవదు. దేశపు అప్పు చెల్లుబాటుని ప్రశ్నించకూడదనే రాజ్యాంగంలోని 14వ సవరణని వాడి పరిమితిని పక్కన పెట్టేస్తానని తానైతే అనేవాణ్నని బిల్ క్లింటన్ చెప్పారు. తన లాయర్లు ఆ వాదన నెగ్గుతుందని అనుకోవడం లేదని ఒబామా అన్నారు. అది తేలాలంటే కోర్టుకి వెళ్లాలి. కోర్టులో తేలేదాకా ట్రెజరీ బాండ్లు కొనేవాడు ఆగడు కదా.

ఆగస్టు 5న రేటింగ్ సంస్థ ఎస్ అండ్ పీ అమెరికా రేటింగుని అన్నిటికంటే పైదైన ట్రిపుల్ ఏ నుంచి ఒక మెట్టు దించింది. సోమవారం డౌ జోన్స్ షేర్ల సూచీ 634 పాయింట్లు పడింది. అంకెల్లో ఆ సంస్థ పెద్ద తప్పు చేసిందని ట్రెజరీ ఎత్తిచూపింది, అది నిజమే. కానీ దించడానికి వాళ్లు రాసిన కారణాల్లో రాజకీయ మొండిపట్టు, ఆదాయం పెంచే ఏ చర్యనైనా కాంగ్రెస్ రిపబ్లికన్లలో ఎక్కువమంది అడ్డుకోవడం కూడా ఉన్నాయి. ఆ ఆలస్యం వల్ల ఒక్క ఏడాదిలోనే ప్రభుత్వానికి వడ్డీ భారం 130 కోట్ల డాలర్లు పెరిగిందని ప్రభుత్వ ఆడిట్ సంస్థ తర్వాత లెక్కకట్టింది.

రెండున్నర లక్షలంటే ధనవంతులా?

ఆ రోజుల్లో మా ఊళ్లో తెలుగువాళ్లు కలిసిన చోటల్లా ఇదే మాట. ఒక ఇంట్లో పాట్‌లక్‌కి వెళ్లాం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. వంటింట్లో పెరుగన్నం కలుపుతూ ఆవిడ నన్ను నిలదీశారు. "ఏమండీ, మేమిద్దరం కలిసి రెండున్నర దాటుతాం. ఇంటి లోను, డే కేర్, ఇండియాలో అత్తయ్యగారి మందులు పోతే మాకు మిగిలేది ఎంత? మేం ధనవంతులమా? జెట్లున్నవాళ్ల మీద వేయమనండి, మా మీద కాదు." వాళ్లాయన పక్కనుంచి, "మన జీతం దాచుకోవడానికి కుదరదు, ముందే పట్టేసుకుంటారు. వాళ్లకే దారులన్నీ" అన్నారు.

ఆ మాటలు నాకు చాలాకాలం గుర్తుండిపోయాయి, ఎందుకంటే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కొద్ది రోజులకే, ఆగస్టు 14న, పెట్టుబడుల కుబేరుడు వారెన్ బఫెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. 2010లో ఆదాయపు పన్ను, పేరోల్ ట్యాక్స్ కలిపి పన్ను లెక్కలోకి వచ్చే తన ఆదాయంలో తాను కట్టింది 17.4 శాతమని, తన ఆఫీసులో మిగతా ఇరవై మంది సగటున 36 శాతం కట్టారని. కిటుకేమీ లేదు. ఆయన ఆదాయం ఎక్కువగా కాపిటల్ గెయిన్స్ (షేర్లు అమ్మితే వచ్చే లాభం), డివిడెండ్లు. వాటి మీద అప్పుడు 15 శాతం. సోషల్ సెక్యూరిటీ పన్ను అప్పట్లో జీతంలో మొదటి 1,06,800 డాలర్లకే. అమ్మని షేరు మీద అసలు పన్నే లేదు. అమ్మకుండానే చనిపోతే పిల్లలకి ఆ లాభం లెక్కలోంచే మాయమవుతుంది.

కాబట్టి పై శ్లాబుల రేట్లు పెంచడం అంటే ఆ పాట్‌లక్ ఇచ్చిన దంపతులని, డాక్టర్లని, ఊళ్లో చిన్న వ్యాపారాలున్నవాళ్లని ముట్టుకోవడమే గానీ బఫెట్ లాంటివాళ్లని పెద్దగా ముట్టుకోవడం కాదు. ధనవంతుల మీద పన్ను అన్న నినాదంలో ఉన్న పెద్ద బలహీనత ఇది. దాన్ని సమర్థించే నేను కూడా దీన్ని దాటవేయకూడదు. పది లక్షల డాలర్లు దాటిన ఆదాయానికి కనీసం 30 శాతం ఉండాలన్న బఫెట్ రూల్ 2012 ఏప్రిల్‌లో సెనేట్‌కి వచ్చింది. అనుకూలంగా 51, వ్యతిరేకంగా 45, కావలసింది 60. ఆగిపోయింది.

లెక్కల వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఇంకా గట్టిది. బఫెట్ రూల్ నెగ్గినా పదేళ్ల పైచిలుకులో వచ్చేది దాదాపు 4,700 కోట్ల డాలర్లే. 2011లో ఒక్క ఏడాది లోటు లక్షా ముప్పై వేల కోట్లు. బుష్ తగ్గింపుల్లో రెండున్నర లక్షలు దాటినవాళ్ల వాటా పదేళ్లకి 70 వేల కోట్లని ఒబామాయే చెప్పేవారు. మిగతాదంతా, అంటే ఖర్చులో అసలు పెద్ద ముక్క, ఆయన ఉంచుతానని మాట ఇచ్చిన కింది వాళ్లది. మరి ధనవంతుల మీద పన్నుతో అప్పు తీరుతుందా? తీరదు. ఆ మాట అధ్యక్షుడు జనానికి గట్టిగా, పదే పదే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ తర్వాతి డెమొక్రాట్ అభ్యర్థులూ అంతే. 2008లో రెండున్నర లక్షల గీత, బైడెన్ దగ్గరికి వచ్చేసరికి నాలుగు లక్షల గీత అయింది. ప్రతి ఎన్నికకీ గీత పైకి పోతుంటే పన్ను కట్టాల్సినవాళ్లు తగ్గిపోతుంటారు.

అయినా ఆ పన్ను ముఖ్యమనే అంటాను. కోతలు అందరికీ నొప్పి పెడతాయి. 2011 చట్టం వేసిన కమిటీ ఏదీ తేల్చకపోవడంతో 2013 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన గంపగుత్త కోతల్లో పేద పిల్లల హెడ్ స్టార్ట్ బడుల సీట్లు పోయాయి, పరిశోధన గ్రాంట్లు పోయాయి. పైనున్నవాళ్లు ఏమీ ఇవ్వకుండా కిందివాళ్లని త్యాగం చేయమంటే ఏ దేశంలోనూ ఒప్పుకోరు. అప్పు తగ్గించడానికి మధ్యతరగతి కూడా కొంత ఎక్కువ కట్టాలని చెప్పే హక్కు అధ్యక్షుడికి రావాలంటే, ముందు బఫెట్ లాంటివాళ్ల నుంచి వసూలు చేసి చూపించాలి.

ఊరికే కూర్చుని గెలిచిన రోజు

పొడిగించిన రెండేళ్లు 2012 డిసెంబర్ 31న అయిపోయాయి. ఈసారి ఒబామా మళ్లీ గెలిచి ఉన్నారు. వాదనలో కొత్తగా చేర్చిందేమీ లేదు, ఉపన్యాసాలు 2011లో ఇచ్చినవే. తేడా అంతా గడువులోనే. బేనర్ తన సభలో పది లక్షలు దాటినవాళ్లకి మాత్రమే పన్ను పెంచే బిల్లు తెచ్చి, దానికి కూడా సొంత పార్టీ ఓట్లు లేక డిసెంబర్ 20న వెనక్కి తీసుకున్నారు. అర్ధరాత్రి దాటింది. చట్టం ప్రకారం అందరి పన్నులూ పెరిగిపోయాయి. అక్కడి నుంచి ఏ ఓటు వేసినా అది పన్ను తగ్గించే ఓటే. జనవరి 1 తెల్లవారుజామున సెనేట్ 89-8తో, ఆ రాత్రి ప్రతినిధుల సభ 257-167తో పాస్ చేశాయి. జంటకి నాలుగున్నర లక్షలు దాటితే 39.6 శాతం, కాపిటల్ గెయిన్స్ 20 శాతం. పదేళ్లకి దాదాపు 62 వేల కోట్లు. ఇది తమ ప్రతిజ్ఞకి విరుద్ధం కాదని పన్నుల వ్యతిరేక ఉద్యమ నాయకుడు గ్రోవర్ నార్క్విస్టే సర్టిఫికెట్ ఇచ్చాడు. 2011 వేసవిలో కాపిటల్‌కి వెల్లువెత్తిన ఫోన్లతో కానిది, క్యాలెండర్‌లో ఒక తారీఖు మారడంతో అయింది.

ఆ గెలుపులో కూడా ఒక మచ్చ ఉంది. మధ్యలో ఇంకో ఏడాది పొడిగించిన పేరోల్ ట్యాక్స్ తగ్గింపు కూడా అదే రోజు అయిపోయింది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. జనవరి నెలలో మేం సరుకులు కొనే ఇండియన్ స్టోర్‌లో కౌంటర్ దగ్గర పనిచేసే ఒక తెలుగు అమ్మాయి అడిగింది: "అంకుల్, పన్ను పెంచింది పెద్దవాళ్లకే అన్నారు కదా, నా చెక్ ఎందుకు తగ్గింది?" ఏడాదికి 50 వేలు సంపాదించేవాళ్లకి వెయ్యి డాలర్లు తగ్గింది. ఆ అమ్మాయికి నేను వివరంగా చెప్పాను, అర్థం చేసుకుంది, కానీ ఆ ముఖంలో నమ్మకం లేదు. ధనవంతులకే అని చెప్పి తన జీతంలో కోత పడితే, తర్వాత అధ్యక్షుడు ఏం చెప్పినా ఆ అమ్మాయి ఎందుకు నమ్మాలి?

ఒబామా పాఠం నేర్చుకున్నారనే చెప్పాలి. 2013లో అప్పు పరిమితి మీద చర్చలే జరపనని భీష్మించారు. అక్టోబర్‌లో ప్రభుత్వం పదహారు రోజులు మూతపడింది, చివరికి రిపబ్లికన్లే వెనక్కి తగ్గారు.

గడువు లేకుండా కుదరదా?

నా వాదనకి ఎదురు నిలబడే ఉదాహరణ 1993. క్లింటన్‌కి ఏ గడువూ లేదు. పై శ్లాబుని 39.6కి పెంచారు. ఒక్క రిపబ్లికన్ ఓటు పడలేదు. సభలో 218-216, సెనేట్‌లో 50-50, ఉపాధ్యక్షుడు అల్ గోర్ ఓటుతో గట్టెక్కింది. ఆఖరి నిమిషంలో ఓటు వేసిన పెన్సిల్వేనియా సభ్యురాలు మార్జరీ మార్గోలీస్ మెజ్విన్‌స్కీ తర్వాతి ఎన్నికల్లో సీటు పోగొట్టుకున్నారు. ఆమెతో పాటు ఆ పార్టీ సభనే పోగొట్టుకుంది. 1998 నుంచి బడ్జెట్ మిగులులోకి వచ్చింది. టెక్ బూమ్ కూడా సాయపడింది గానీ ఆ పన్ను లేకుండా అంత తొందరగా వచ్చేది కాదు. ఇది నిజమైన నాయకత్వం, కాదనను. 1990లో పెద్ద బుష్ చేసింది కూడా అలాంటిదే. పన్నులు పెంచనని మాట ఇచ్చి, లోటు చూశాక మాట తప్పి, 28 శాతాన్ని 31 చేసి, 1992లో ఓడిపోయారు. దేశం కోసం మాట తప్పినవాడికి ఎవరూ కృతజ్ఞత చెప్పలేదు. అదే చూసి తర్వాతి రిపబ్లికన్లందరూ ఆ పొరపాటు చేయకూడదని నేర్చుకున్నారు.

ఒక్క ఓటు మెజారిటీతో, సీట్లు పోతాయని తెలిసి కూడా ఓటు వేసేవాళ్లు దొరకాలి. 2022లో బైడెన్‌కి దొరకలేదు. సెనేట్ 50-50 ఉన్నప్పుడు ఆయన పార్టీకే చెందిన అరిజోనా సభ్యురాలు కిర్‌స్టెన్ సినెమా రేట్లు పెంచడానికి ఒప్పుకోలేదు, ఫండ్ మేనేజర్లకి ఉన్న తక్కువ పన్ను వెసులుబాటుని తీసేయడానికి కూడా ఒప్పుకోలేదు. అలాంటి ఓట్ల మీద దేశపు ఖజానాని ఆనించలేం.

2025లో ఏం జరిగింది

2017లో ట్రంప్ తెచ్చిన పన్ను తగ్గింపులు 2025 చివర అయిపోవాల్సింది. అంటే 2012 లాంటి గడువే మళ్లీ వచ్చింది. అప్పటికి అప్పు 36 లక్షల కోట్లు దాటింది, 2024లో వడ్డీ ఖర్చు రక్షణ ఖర్చుని మించింది. మే నెలలో ట్రంప్, బాగా డబ్బున్నవాళ్ల పన్ను కొంచెం పెంచినా తనకి అభ్యంతరం లేదని, కానీ రిపబ్లికన్లు బహుశా ఆ పని చేయకపోవడమే మంచిదని రాశారు. నాకు ఆ వాక్యం చదివి చాలా బాధ కలిగింది. పార్టీ మొత్తం తన మాట వినే అధ్యక్షుడు, గడువు చేతిలో ఉన్న అధ్యక్షుడు, ఒక్క వాక్యంలో వదిలేశారు. గడువు ఉన్నా అధ్యక్షుడికి ఆ కోరిక లేకపోతే పని కాదు, ఇది కూడా ఒప్పుకోవాలి. జూలై 4న సంతకం అయిన చట్టం ఆ రేట్లని శాశ్వతం చేసింది, పదేళ్లలో లోటుకి 3.4 లక్షల కోట్లు కలిపింది.

అదే మే నెలలో మన ఇళ్లలో టెన్షన్ ఎందుకో గుర్తుందా? ఆ బిల్లులో మొదట పౌరసత్వం లేనివాళ్లు స్వదేశానికి పంపే డబ్బు మీద 5 శాతం పన్ను పెట్టారు. తర్వాత 3.5 అన్నారు. మా అమ్మ ఫోన్ చేసి, "నాన్నా, ఇక నాకు పంపకు, ఉన్నదాంతో సర్దుకుంటాను" అంది. చివరికి నగదు, మనీ ఆర్డర్ల లాంటివాటికి మాత్రమే 1 శాతంగా మిగిలింది, బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు. ఊపిరి పీల్చుకున్నాం. కానీ ఆదాయం కావాలనుకున్నప్పుడు ఆ బిల్లు రాసినవాళ్ల చూపు మొదట ఎటు పోయిందో చూడండి. అమ్మ మందులకి పంపే డబ్బు కనిపించింది. వారసులకి పన్ను లేకుండా పోయే షేర్ల లాభం కనిపించలేదు.

ఇక ముందు ఏం గడువులున్నాయి? ఆ చట్టంలో టిప్పుల మీద, ఓవర్‌టైమ్ మీద, వృద్ధులకి ఇచ్చిన మినహాయింపులు 2028 చివర అయిపోతాయి. పై శ్లాబు 37 శాతం మాత్రం శాశ్వతం. అంటే ఈసారి గడువు పనివాళ్ల మెడ మీద ఉంది. 2028 చివర ఆ మినహాయింపులు పొడిగించమని అందరూ అడుగుతారు, పొడిగించాల్సిందే. ఆ బేరంలో పై రేటుని కలపకుండా ఒప్పుకుంటే 2010 డిసెంబర్ మళ్లీ జరిగినట్టే.

దాని తర్వాతిది ఇంకా పెద్దది. సోషల్ సెక్యూరిటీ వృద్ధాప్య నిధి 2033లో అడుగంటుతుందని 2025 ట్రస్టీల నివేదిక చెప్పింది. ఎవరూ ఏమీ చేయకపోతే పింఛన్లు దానంతటవే 77 శాతానికి పడిపోతాయి. ఈ పన్ను 2025లో జీతంలో మొదటి 1,76,100 డాలర్లకే. ఏడాదికి రెండు కోట్ల డాలర్ల జీతం ఉన్న సీఈఓ జనవరి మొదటి వారం దాటకుండానే ఆ ఏటి పన్ను కట్టేసి చేతులు దులుపుకుంటాడు. ఆ స్టోర్‌లో అమ్మాయి డిసెంబర్ 31 దాకా కడుతుంది. అన్ని రాష్ట్రాల్లో, రెండు పార్టీల ఇళ్లలో పింఛనుదారులున్నారు కాబట్టి ఈ గడువుకి ఎవరూ మొండికేయలేరు. జీతం మీద ఆ పరిమితి తీసేయడానికి, జీతం కాని ఆదాయాన్ని కూడా అందులోకి తేవడానికి ఇంతకంటే మంచి సమయం మళ్లీ రాదు.

2028లో గెలిచే అధ్యక్షుడి పదవీకాలం 2033 జనవరి దాకా. ఆ నాలుగేళ్లలో ఎవరో ఒకరు ముందుగానే చిన్న సర్దుబాటుతో, అందరి పేరోల్ ట్యాక్స్ కాస్త పెంచి, పింఛన్లు కాస్త తగ్గించి ఈ గడువుని వదిలించుకుందామని వస్తారు. అది బాధ్యతగా, పెద్దమనిషి తరహాగా కూడా కనిపిస్తుంది. ప్రైమరీ సభల్లో అభ్యర్థులు చేతులు కలపడానికి మన దగ్గరికి వచ్చినప్పుడు, విరాళాల విందులకి మనవాళ్లని పిలిచినప్పుడు, డబ్బున్నవాళ్ల మీద పన్ను వేస్తారా అని అడిగితే అందరూ వేస్తామనే అంటారు. జీతం మీద ఆ పరిమితి తీసేయకుండా ఆ సర్దుబాటు మీ బల్ల మీదకి వస్తే సంతకం పెడతారా లేదా అని అడగాలి.